గేటు అవతల ఆరు గింజలు

ఆ నేపాల్ ప్రయాణం గురించి రాయాలంటే ముందు చింతగింజల గురించి రాయాలి. రోడ్డు సంగతి తర్వాత.

మా ఆయన ముప్పై రెండేళ్ళు లారీ తోలాడు. మాచర్ల వైపు దొరికే నాపరాయిని పాలిష్ చేయించి ఉత్తరాదికి వేసుకెళ్ళేవాడు. మొదట్లో చాలా ఏళ్ళు ఫోన్లు లేవు. నరసరావుపేటలో బండి ఎక్కిన మనిషి మళ్ళీ గుమ్మంలో చెప్పులు విడిచేదాకా ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో తెలిసేది కాదు. ఆయనకు స్టీరింగు నేర్పిన ఉస్తాదుది నడికుడి. ఆ పెద్దాయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. బండి కదిలే ముందు డ్రైవరు కళ్ళు మూసుకుని, పోవాల్సిన దారంతా ఊరు తర్వాత ఊరు నోటితో చెప్పాలి. వినేవాళ్ళు ఊరికొక చింతగింజ పళ్ళెంలో వేయాలి. దారిలో లేని ఊరు చెబితే గింజ లేదు. అందుకని వినేవాళ్ళకూ దారి కంఠతా వచ్చి ఉండాలి. చెప్పేటప్పుడు అడ్డు తగలకూడదు, అందించకూడదు. మధ్యలో మాట్లాడితే దారికి అపశకునం. చివర్లో డ్రైవరే పళ్ళెం లెక్కపెట్టుకుంటాడు. ఉండాల్సినన్ని ఉంటే బండి కదులుతుంది. ఒక్కటి తగ్గినా ఆ రోజు ఆ మనిషి స్టీరింగు ముట్టుకోకూడదు. ఇంకొకరు తోలాలి, లేదా బండి ఆగాలి.

పెళ్ళయిన కొత్తలో నాకు ఇదంతా చాదస్తంగా కనిపించింది. రాళ్ళు మోసే లారీకి ఇంత తతంగమా అని నవ్వాను. ఒకరోజు పొద్దున ఆయన దారి చెబితే రెండు గింజలు తగ్గాయి. విసుక్కుంటూ మంచమెక్కాడు. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతూ జ్వరం. మూడు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. చూడ్డానికి వచ్చిన ఉస్తాదు నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"చూశావా అమ్మాయ్. మనిషిలో తేడా వస్తే ఒళ్ళు ఆలస్యంగా చెబుద్ది. నోరు ముందే చెబుద్ది. నువ్వు పళ్ళెం జాగర్తగా చూసుకో. ఆడి పానం ఆ పళ్ళెంలోనే ఉంది."

ఆ రోజు నుంచి పళ్ళెం నాది. ఆయన వెళ్ళాక ఆ గింజల్నే డబ్బాలో పోసి, రోజుకు నాలుగో ఐదో ఇంకో డబ్బాలోకి మార్చేదాన్ని. ఇవాళ ఆదిలాబాదు దాటి ఉంటాడు, ఇవాళ నాగపూర్‌లో తింటుంటాడు అనుకుంటూ. నా కాపురం సగం అలా గింజలు మార్చడంలోనే గడిచింది. ఇంత తెలిసిన దాన్ని నేను. తర్వాత చేసింది తెలియక చేశానని చెప్పుకునే వీల్లేదు.

ఆయన వెళ్ళిన దారుల్లో అన్నిటికంటే పొడుగైంది సోనౌలి దారి. గోరఖ్‌పూర్ దాటాక వస్తుంది ఆ ఊరు. అక్కడితో మన దేశం అయిపోతుంది. రోడ్డుకు అడ్డంగా పెద్ద గేటు. గేటు అవతల నేపాల్. ఈయన పర్మిట్ గేటు దాకానే. ఇవతల గోడౌన్లో రాయి దించి, బండి తిప్పుకుని వచ్చేయడమే. ఎన్నిసార్లు వెళ్ళాడో అన్నిసార్లూ వచ్చి అదే మాట చెప్పేవాడు.

"ఆ గేటు కిందనించి సైకిళ్ళు పోతయ్యి, మేకలు పోతయ్యి, కూరగాయలమ్మే ఆడోళ్ళు పోతారు. అవతల రోడ్డు తిన్నగా కొండల్లోకి పోతా కనపడద్ది. నేనే పోలా."

లారీ వదిలేసి నాలుగేళ్ళయింది. పాతదే అయినా గట్టిదైన పెద్ద కారు ఒకటి కొనుక్కున్నాడు. కిందటేడాది ఎండాకాలంలో, మామిడికాయ పచ్చడి కలుపుతుంటే వచ్చి పక్కన కూర్చుని అన్నాడు. "ఏమే, ఈ దసరాకి గేటు దాటుదాం."

దసరా ఎందుకంటే దానికో లెక్క ఉంది. అక్కడ వానలు అప్పటికి వెనకబడతాయి. వానల్లో కొండచరియలు పడి మూసుకుపోయిన రోడ్లు తెరుస్తారు. చలి ఇంకా దిగదు. ఆకాశం కడిగినట్టుండి మంచుకొండలు కనిపిస్తాయట. అన్నిటికీ మించి మా చెల్లెలికి సెలవులు. మా చెల్లెలు సత్తెనపల్లిలో టీచరు. పెళ్ళి వద్దనుకుని తన బతుకు తను బతుకుతున్న మనిషి. పిల్లల్లేని మాకు ఔనన్నా, కాదన్నా అదొక్కతే దిక్కు. ఈయన దాన్ని పంతులమ్మా అని పిలుస్తాడు.

అది ఆదివారం ఆదివారం వచ్చేది. గీతల నోటుబుక్కు తెరిచి కూర్చునేది. ఓటరు కార్డులు, బండి కాగితాలు, గేటు దగ్గర బండికి తీసుకోవాల్సిన కస్టమ్స్ చీటీ, స్వెట్టర్లు, మోకాళ్ళ నొప్పి మందులు, గోంగూర పచ్చడి, కారప్పొడి. అన్నీ వరసగా రాసేది. ఫోన్లో మ్యాపు పెట్టి దారి చూపించేది. గేటు దాటాక భైరవా, బుట్వల్, తాన్సేన్, వాలింగ్, స్యాంగ్జా, చివరికి పోఖరా. బుట్వల్ నుంచి కొండదారి. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ.

"బావా, ఇక్కడ రోడ్డు మరీ సన్నం. ఎదురుగా బస్సు వస్తే ఒకళ్ళు వెనక్కి పోవాల్సిందే. ఫోను ముందు పెట్టుకుందాం, అదే చెబుద్ది మలుపులు."

"నీ ఫోన్లో ఆమె లారీ తోలిందా ఎప్పుడన్నా? కుడికి తిరుగు, ఎడమకి తిరుగు అనడం తేలికే. నేను దారి నోట్లో ఏసుకుని పోతా."

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అన్నాను నేను. దూరపు కొండలు నునుపు అని కూడా అన్నాను. "నునుపో గరుకో చూసొద్దాం పా" అన్నాడాయన. ఆ వేసవిలో ఆయన మొహం చూసినవాళ్ళెవరికైనా అరవై రెండేళ్ళని చెబితే నమ్మరు.

ఇంటి నుంచి గేటు దాకా ముప్పై ఊళ్ళు. ముప్పై చింతగింజలు పాత డబ్బాలో నుంచి తీశాను. గేటు అవతలి ఆరు ఊళ్ళకు వేరే గింజలు కావాలన్నాడు. పరాయి దేశానికి మన చింతగింజ ఏంటని. ఆ ఏడు సీతాఫలాలు తొందరగా దిగాయి. మాచర్ల నుంచి వచ్చే బస్సుల్లో గంపలు కనిపిస్తున్నాయి. ఒక పండు తిని, నల్లగా మెరిసే గింజలు ఆరు ఏరి, కడిగి, లుంగీ అంచుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. శ్రావణమాసం మొదలవగానే దారి చెప్పడం మొదలుపెట్టాడు. కొత్త ఊళ్ళు నోటికి పట్టాలిగా. రోజూ పొద్దున కాఫీ తాగాక, అరుగు మీద. నేను ఎదురుగా పీట మీద, పళ్ళెం ఒళ్ళో.

వారం రోజులు బాగానే నడిచింది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, నాగపూర్ అన్నాడు, సివనీ అన్నాడు, తర్వాత జబల్‌పూర్ అన్నాడు.

సివనీకీ జబల్‌పూర్‌కీ మధ్య లఖ్నాదోన్ ఉంది. ఆ ఊళ్ళో ఈయన బండి యాక్సిల్ విరిగి నాలుగు రోజులు ఒక ఢాబాలో పడి ఉన్నాడు. ఢాబా ముసలమ్మ జొన్నరొట్టెలు పెట్టిన కథ నేను వెయ్యిసార్లు విన్నాను. నిద్రలో లేపి అడిగినా చెప్పే ఊరు అది. ఆ ఊరే ఎగిరిపోయింది.

నా వేళ్ళు అప్పటికే గింజ పట్టుకుని ఉన్నాయి. ఒక్క క్షణం ఆగాను. తర్వాత పళ్ళెంలో వదిలాను. టిక్కుమని చప్పుడైంది. ఆయన చెప్పుకుంటూ పోయాడు. పోఖరా దగ్గర కళ్ళు తెరిచి, లెక్కపెట్టి, ముప్పై ఆరు వచ్చేసరికి పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

"చూశావా? తుప్పు పట్టలా ఇంకా."

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, నా దగ్గర సాకులు చాలా ఉన్నాయి. ఒక్క ఊరే కదా. వయసు కదా. ఇదేమన్నా బండి కదిలే రోజా, సరదాకి చెప్పుకునేదే కదా. అంగన్‌వాడీలో నేను ఇరవై ఏడేళ్ళు పనిచేశాను. రాని పిల్లను వచ్చినట్టు ఒక్కరోజు కూడా రిజిస్టర్లో రాయలేదు. అలా రాయమన్నవాళ్ళతో గొడవ పెట్టుకుని నానా మాటలు పడ్డాను. అంత నిక్కచ్చి మనిషిని, మొగుడి పళ్ళెంలో దొంగగింజ వేశాను.

దొంగతనం ఒకసారి అలవాటైతే చేతికి సిగ్గుండదు. భాద్రపదం వచ్చేసరికి రోజుకు మూడు వేస్తున్నాను. తర్వాత ఐదు. ఒకరోజు నాగపూర్ తర్వాత రాయపూర్ అన్నాడు. అది అసలు ఈ దారే కాదు, తూర్పుకు పోయే దారి. అటు రెండు ఊళ్ళు పోయి, మళ్ళీ ఏమీ జరగనట్టు వారణాసిలో తేలాడు. మధ్యలో పోయిన ఊళ్ళన్నిటికీ నేను గింజలు వేస్తూ కూర్చున్నాను. అడ్డు తగలకూడదు కదా, పద్ధతి కదా అని ఆ పద్ధతి వెనకే దాక్కున్నాను. పద్ధతిలో సగం పాటించి సగం మింగేశాను.

ఒక సాయంత్రం కూరగాయలకు పోదామని కారు దగ్గరికి వెళ్ళాం. ఆయన వెళ్ళి ఎడమ పక్క సీట్లో కూర్చున్నాడు. నేను బయటే నిలబడ్డాను. ఆయన ముందుకు చూస్తూ కూర్చునే ఉన్నాడు. లారీలో క్లీనరు కూర్చునే వైపు అది.

"ఏమయ్యా, ఎవరు తోలతారు?" అన్నాను.

తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడనిపించింది. "నాకు తెల్దా ఏంది? సీటు చూస్తన్నా. అంత దూరం నువ్వు కూసోవాలి గదా, మెత్తగా ఉందో లేదో" అని దిగి ఇటు వచ్చాడు. ఆ రోజు నేను వంకాయలు కొనాలని వెళ్ళి వట్టి సంచీతో వచ్చాను.

భయం ఏంటో నాకు తెలుసు. ఆయన పోతాడని కాదు. లారీవాడి పెళ్ళాం ఆ భయానికి ఎప్పుడో అలవాటు పడిపోతుంది. ఆయన అరుగు మీదే ఉండి, నా ఎదురుగానే కూర్చుని, నాకు అందకుండా పోతాడేమోనని. ఆ పళ్ళెం నిండినంత కాలం అది జరగనట్టే అని ఒక పిచ్చి నమ్మకం పెట్టుకున్నాను.

ఒక ఆదివారం చెల్లెలు అరుగు మీదే ఉంది. ఆయన ఆ రోజు హుషారుగా మొదలుపెట్టాడు. మన వైపు దారి గతుకుల్లో పోయినట్టు పోయింది. గేటు దాటాడు. భైరవా, బుట్వల్ అన్నాడు. గొంతు ఇంకా హుషారైంది.

"ఆ తర్వాత దోర్నాల. దోర్నాల దాటినాక ఘాటు రోడ్డు. శిఖరం. శ్రీశైలం."

నేపాల్ కొండెక్కి నల్లమలలో దిగాడు. ఎక్కడా తడబడలేదు. ఆ తడబడకపోవడం చూస్తే నాకు చెమట పట్టింది. చెల్లెలు నోరు తెరవబోతే కళ్ళతో ఆపాను. మిగిలిన గింజలు గబగబా వేసేశాను. ఆయన లెక్కపెట్టుకుని, తృప్తిగా లేచి, స్నానానికి వెళ్ళాడు.

చెల్లెలు నా వెనకే వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, పన్నెండు ఊళ్ళు చెప్పలా. నేను నోటుబుక్కులో టిక్కులు పెట్టుకుంటా విన్నా. పళ్ళెంలో ముప్పై ఆరు ఎట్టా వచ్చినయ్యి?"

"గొణుక్కున్నాడు. నీకు వినపడలా."

"దోర్నాల నాకు బాగానే వినపడింది."

"సరదాకి అన్నాడే. నువ్వు భయపడతావో లేదో చూద్దామని."

అది నన్ను చూసిన చూపు టీచరు చూపు. కాపీ కొట్టిన పిల్లను చూసే చూపు. "అయితే ఒక పని చేద్దాం. ఈ గురువారం సెలవే నాకు. మాచర్ల దాకా పోయొద్దాం. బండి కండిషను చూసినట్టుంటది" అంది. ఏ కండిషను చూడాలనుకుంటోందో ఇద్దరికీ తెలుసు.

గురువారం పొద్దున బయల్దేరాం. వెళ్ళేటప్పుడు ఏ తేడా లేదు. గేరు మార్చడం, హారను కొట్టడం, ఎదురొచ్చే లారీవాడికి చెయ్యెత్తడం, అన్నీ పాత మనిషే. మాచర్లలో ఇడ్లీ తిన్నాం. నేను ఊపిరి పీల్చుకుని చెల్లెలి వైపు గెలిచినట్టు చూశాను కూడా. తిరిగి వచ్చేటప్పుడు గురజాల దాటాక, పిడుగురాళ్ళ రాకముందే, కారు కుడి పక్కకు తిరిగింది. తెల్లటి దుమ్ము రోడ్డు. రెండు వైపులా పాత సున్నపు బట్టీలు, మనుషులు లేని రేకుల షెడ్లు.

"ఇటెక్కడికి బావా?" అంది చెల్లెలు.

"లోడింగుకి" అన్నాడు. ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, నేను వెనక్కి తిరిగి లోడు కోసం చూడబోయాను. పెళ్ళికి ముందు, కుర్రతనంలో, ఆయన సున్నపురాయి తోలింది ఈ క్వారీ నుంచేనట. తర్వాత ఎవరో చెప్పారు. అప్పట్లో రోడ్డు తిన్నగా రాయి కొట్టే చోటికి వెళ్ళేది. తవ్వుకుంటూ తవ్వుకుంటూ ఆ రోడ్డునే తవ్వేశారు. క్వారీ మూతపడింది. గుంటలో నీళ్ళు చేరాయి.

ముందు మలుపులో కంపచెట్లు ఉన్నాయి. అవి దాటగానే రోడ్డు లేదు. నీళ్ళు. ఎండలో పచ్చగా, కదలకుండా, ఎంతో కిందికి నీళ్ళు. ఆయన కాలు యాక్సిలరేటరు మీదే ఉంది. మొహంలో ఏ అనుమానమూ లేదు. ఇంటికి పోతున్న మనిషి మొహం అది.

"ఆపయ్యా!" అని అరిచి హ్యాండుబ్రేకు లాగాను. ఎలా లాగానో నాకు తెలియదు. జీవితంలో ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. కారు పక్కకు జరిగి ఆగింది. ముందు చక్రం కింద నుంచి రాళ్ళు జారి నీళ్ళలో పడుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత అది కూడా ఆగింది.

ఆయన నీళ్ళ వంక చూశాడు. "రోడ్డు తినేశారు దొంగనాయాళ్ళు" అని నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కారు వెనక్కి తీశాడు. ఇంటిదాకా చాలా జాగ్రత్తగా, ఎంతో నెమ్మదిగా తోలాడు.

చెల్లెలు ఇంటి బయటే నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేనే చెబుతా. పండగ పోనియ్యి."

"అక్కా, ఇక్కడ గుంట ఒకటే. అక్కడ రోడ్డు పొడుగూతా గుంటే."

తెలుసు. తెలిసీ పదకొండు రోజులు మింగలేక కక్కలేక తిరిగాను. ఆ పదకొండు రోజులూ ఆయన దారి చెప్పడం మానలేదు. ఇంకా పట్టుగా చెప్పాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నేను రెండుసార్లూ పళ్ళెం నింపాను. ఒక్కోసారి ఆయన ఊరి పేరు కోసం ఆగి, మూసిన కళ్ళు ఇంకా గట్టిగా మూసేవాడు. ఆ ఆగినప్పుడు గింజ చప్పుడు వినిపిస్తే మొహం తేటపడేది. చెప్పేశాననుకునేవాడు. అది చూసి కూడా నాకు వెలగలేదు.

విజయదశమి వెళ్ళిన మర్నాడు ప్రయాణం. తెల్లవారింది. పండగనాడు కారుకు పూసిన పసుపు ఇంకా రాలలేదు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి ఉన్నాయి. వెనక సీట్లో స్వెట్టర్ల సంచి, పచ్చళ్ళ సీసాలు. చెల్లెలు సత్తెనపల్లి నుంచి మొదటి బస్సుకే వచ్చింది. బ్యాగు భుజాన వేసుకుని ఇంటి గేటు దగ్గరే నిలబడి నా వంక చూస్తోంది. ఆయన కొత్త చొక్కా వేసుకుని, తాళాలు చేతిలో ఆడిస్తూ అరుగు మీదికి వచ్చాడు.

"పంతులమ్మా, బ్యాగు ఎక్కించవేం?"

"బావా, ఆ రోజు గుంట దగ్గర..." అని అది ఆగిపోయింది.

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను. మెల్లగా మొదలుపెట్టాడు.

"నువ్వు భయపడ్డావని నాకు తెలుసు. నీకన్నా ముందు నేను భయపడ్డా. ఇవాళ కాదు, శ్రావణం నుంచీ. ఊళ్ళు జారిపోతన్నయ్యి నాకు. చెప్తా చెప్తా ఉంటే ముందు ఏమీ కనపడదు. లైట్లు లేని బండి తోలినట్టు. ఎవరికి చెప్పేది? అందుకే రోజూ చెప్పుకుంటన్నా. నేపాల్ కోసం కాదు, నన్ను నేను చూసుకోడానికి. మర్చిపోయా అనుకున్న రోజు గూడా పళ్ళెం నిండుద్ది. ఒక్క గింజ తగ్గలా ఇంతవరకూ. అంటే నోరు సరిగ్గానే ఉంది, వట్టి భయమే నాది. పళ్ళెం తగ్గితే తాళాలు నేనే ఇచ్చేసేవాణ్ణి గదా. దానికేముంది? మీ అక్క చెయ్యి తప్పదు. ముప్పై ఏళ్ళ నించి చూస్తన్నా."

గింజల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూలబడ్డాను. చెల్లెలు చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"నేను వేశాను" అన్నాను.

"ఏంది?"

"గింజలు. నువ్వు చెప్పని ఊళ్ళకు. నేనే వేశాను."

ఆయనకు అర్థం కాలేదు. తర్వాత అయింది. అర్థమవుతూ ఉండగా ఆ మొహం చూశాను, అది చాలు నాకు ఈ జన్మకు.

"ఎన్ని?"

"మొదట్లో ఒకటి."

"నిన్న?"

"పద్నాలుగు."

తాళాలు పక్కన పెట్టాడు. నా ఒళ్ళో ఉన్న పళ్ళెంలోని గింజలన్నీ దోసిట్లోకి తీసి నా చేతిలో పోశాడు. "ఇప్పుడెయ్యి. చెప్పిందానికే వెయ్యి" అని కళ్ళు మూసుకున్నాడు.

పిడుగురాళ్ళ. దాచేపల్లి. వాడపల్లి. నాగపూర్ దాకా పరవాలేదు. తర్వాత ఆగిపోయాడు. వీధిలో పాలవాడు సైకిలు స్టాండు వేసి, ఎదురింటివాళ్ళకు పోసి, వెళ్ళిపోయాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. లఖ్నాదోన్ అని నా నాలుక చివరే ఉంది. అందించలేదు. ఆ ఒక్కసారి పద్ధతి పూర్తిగా పాటించాను. ఏవో నాలుగు ఊళ్ళు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. గోరఖ్‌పూర్ అన్నాడు. గేటు అన్నాడు. గేటు అవతల చాలాసేపు నిలబడ్డాడు. చివరికి "పోఖరా" అని కళ్ళు తెరిచాడు.

చింతగింజలు పంతొమ్మిది. సీతాఫలం గింజ ఒకటి. రెండుసార్లు లెక్కపెట్టాడు. పక్కనున్న కారు తాళాలు తీసి ఆ గింజల పక్కన పళ్ళెంలో పెట్టాడు.

"కళ్ళకి గంతలు గట్టి స్టీరింగు చేతికిచ్చావేమే" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. "మీ చెల్లెలు గూడా ఉంది బండిలో."

లోపలికి వెళ్ళి కొత్త చొక్కా విప్పి, మడతపెట్టి, పెట్టెలో పెట్టుకున్నాడు.

మర్నాడు అద్దె కారులో గుంటూరు వెళ్ళాం. డాక్టరు చిన్న వయసువాడు, ఓపిక ఉన్నవాడు. అవీ ఇవీ అడిగి, పరీక్షలు రాసి, చివర్లో నన్ను చూసి అడిగాడు. "మొదట ఎప్పుడు గమనించారమ్మా?"

"శ్రావణంలో" అన్నాను. "అంటే రెండు నెలల పైనే" అనుకుంటూ రాసుకున్నాడు. కొన్ని రకాల మతిమరుపులు మొదట్లోనే చూస్తే నయమవుతాయనీ, కొన్ని కావనీ, ఏదో తేలడానికి టైము పడుతుందనీ చెప్పాడు. ముందే వచ్చి ఉంటే బాగుండేదన్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఏంటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్క కుర్చీలో ఆయన తల తిప్పి నన్ను చూశాడు. శ్రావణం అన్న మాట దగ్గర.

కారు ఇప్పటికీ ఇంటి ముందే ఉంది. నిమ్మకాయలు చక్రాల కిందే ఎండిపోయి రాళ్ళలా అయ్యాయి. తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. చెల్లెలు నోటుబుక్కు మా ఇంట్లోనే వదిలేసింది. ఆదివారం వచ్చినప్పుడు దాన్ని చూడనట్టు పక్కకు జరుపుతుంది. మందులు వాడుతున్నాం. ఒక వారం బాగుంటుంది, ఒక వారం బాగుండదు.

దారి చెప్పడం మాత్రం ఆయన మానలేదు. రోజూ పొద్దున కాఫీ తాగాక కళ్ళు మూసుకుంటాడు. నేను పీట మీద కూర్చుంటాను. చెప్పిన ఊరికి వేస్తాను, చెప్పని ఊరికి గింజను గుప్పిట్లోనే పట్టుకుంటాను. సంక్రాంతికి పద్దెనిమిది వచ్చాయి. శివరాత్రికి పదహారు. ఇవాళ పదమూడు. నల్లగింజ ఒక్కటీ పడలేదు. పోఖరా పోయి నెలయింది.

లెక్కపెట్టుకున్నాక తలెత్తి, "నిజంగా ఇన్నేనా?" అని అడుగుతాడు. దసరా మర్నాటి నుంచి ఒక్కరోజు కూడా తప్పకుండా అడుగుతున్నాడు. లఖ్నాదోన్ ముసలమ్మను మర్చిపోయాడు. ఉస్తాదు పేరు మర్చిపోయాడు. నన్ను ఇది అడగాలని మాత్రం మర్చిపోలేదు.

"ఇన్నే" అంటాను. పళ్ళెం తీసుకుని లోపలికి వెళతాను.